ఎర్ర డబ్బాలో రాతిపొడి

దేవమ్మకు కడుపులో మంట లేస్తే మాట పడిపోయేది. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు పొట్టకు అదుముకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. ఆమె పెనిమిటి లాజరు సూర్యాపేటలో జనగామ రోడ్డు మీది పత్తి మిల్లులో ఇంజను మిస్త్రీ. పెళ్లయిన పదహారేళ్లలో ఆమె అట్లా కూర్చోవడం అతను ఎన్నిసార్లు చూశాడో చెప్పలేడు. ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. రెండో పిల్ల పోయిన ఏడే ఈ మంట మొదలైందని దేవమ్మ అనేది.

దానికి ఆమె ఎరిగిన మందు ఒక్కటే. గ్లాసెడు నీళ్లలో చిటికెడు తినేసోడా కలుపుకుని తాగితే కాసేపటికి పెద్ద తేనుపు వచ్చేది. అప్పుడు మెల్లగా కాళ్లు చాపుకుని, "ఇగ పోయింది" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్లేది.

పంతొమ్మిది వందల నలభై ఏడు చివరికి ఆ చిటికెడు కూడా కరువైంది. తినేసోడా బెజవాడ నుంచి కోదాడ మీదుగా రావాలి. అటు ఇండియన్ యూనియన్ వాళ్లు లారీలు ఆపారు, ఇటు నిజాం సర్కారు సరిహద్దు నాకా దగ్గర కాపలా బిగించింది. ఉప్పు, కిరోసిను, మందుబిళ్లలు ఒక్కొక్కటిగా దుకాణాల్లోంచి మాయమయ్యాయి. ఒకనాడు బజారులో ఒకాయన లోపలి నుంచి కాగితం పొట్లం తెచ్చి, ఇదే ఆఖరిదని ఇచ్చాడు. ఆ సాయంత్రం దేవమ్మ దాన్ని నీళ్లలో కలిపి ఒక గుక్క మింగింది. మరుక్షణం గ్లాసు జారవిడిచి గొంతు పట్టుకుంది.

లాజరు ఆ పొడిని వేళ్ల మధ్య రాసి చూశాడు. సబ్బులా జారుతూ చర్మాన్ని చురుక్కుమనిపించింది.

"ఇది తినేది కాదు. చాకలోళ్ల సోడా" అన్నాడు.

మజ్జిగతో ఆమె నోరు కడిగించాడు. నాలుగు రోజులు ఆమె గంజి తప్ప ఏమీ మింగలేకపోయింది. రెండు సోడాలూ ఒక తల్లి పిల్లలేనని అతను మిషన్ బడిలో నేర్చుకున్నాడు. తినేసోడాను పెనం మీద బాగా కాలిస్తే అందులోని గాలి కొంత పోయి బట్టల సోడా అవుతుంది. చూడ్డానికి రెండూ తెలుపే. ఒకటి కడుపును చల్లబరుస్తుంది, ఒకటి గొంతు కాలుస్తుంది.

నాలుగో రోజు అతను మిల్లు నుంచి వస్తూ రుమాలు కొసకు రెండు చెంచాల అసలు సోడా ముడేసుకుని వచ్చాడు.

మిల్లులో సోడా ఉండడానికి కారణం నిప్పు. పత్తి ఉన్నచోట నిప్పురవ్వ చాలు. అందుకని సేటు ఎప్పుడో ఆరు ఎర్ర డబ్బాలు తెప్పించి గోడలకు తగిలించాడు. ఒక్కో డబ్బాలో రెండు గ్యాలన్ల నీళ్లు, ఆ నీళ్లలో కరిగిన తినేసోడా, మూత కింద తీగ గూట్లో వేలాడే గాజు సీసాలో గంధకామ్లం. డబ్బాను బోర్లించి మూత మీది గుండీని నేలకేసి గుద్దితే సీసా పగిలి ఆమ్లం సోడానీళ్లలో పడుతుంది. ఆ రెండూ కలిస్తే బొగ్గుపులుసు గాలి పుడుతుంది. ఆ గాలికి లోపల చోటు చాలక, నీళ్లను సన్న గొట్టంలోంచి ఇరవై అడుగుల దూరం తరిమి కొడుతుంది. దేవమ్మ కడుపులో జరిగేదీ అదే. అక్కడ ఆమ్లం కడుపుది, బయటికొచ్చే గాలి తేనుపు.

డబ్బాలు మళ్లీ నింపడానికి పది సేర్ల సోడా తగరపు డబ్బాలో పోసి ఇంజను గదిలో తాళం వేసి ఉంచారు. తాళంచెవి లాజరు మొలతాడుకే ఉండేది. దొంగతనమన్న మాట అతని మనసులోకి రాకపోలేదు. కాని కొంగు నోట్లో కుక్కుకున్న దేవమ్మ కూడా కళ్లలో మెదిలింది. పది సేర్లలో రెండు చెంచాలు ఏ మూలకు, అనుకున్నాడు.

అది రెండు చెంచాలతో ఆగలేదు. అందుకు దేవమ్మను అనడానికీ లేదు.

వాళ్ల ఇల్లు చర్చి వెనక వాడలో చివరిది. ఆ ఇంటి గడప మీదికి వాడ బయటి మనుషులు వచ్చింది లేదు. వాళ్ల చేతి నీళ్లు తాగేవాళ్లు కాదు. మొదట వచ్చింది సరోజన. ఆమె గొల్ల బీరయ్య పెళ్లాం. తమ ఊరు పెన్‌పహాడ్‌లో ఎప్పుడు ఏ సాయుధ గుంపు మీద పడుతుందో తెలియక, ఉన్న ముప్పై గొర్రెలను తోలుకుని ఆ ఆలుమగలు పేటకొచ్చి ఊరి బయట గుడిసె వేసుకున్నారు. బీరయ్య గొర్రెలు కాసేవాడు. సరోజన మిల్లులో పత్తిలోంచి ఆకూ అలమూ ఏరే పనికి చేరింది. ఇరవై ఐదేళ్లుంటాయేమో, నవ్వితే చిగుళ్లు కనపడేవి.

"వదినే, ఈడి బావి నీళ్లల్ల కందిపప్పు పొద్దంత కాగినా పలుకు పలుకే ఉంటది. కట్టెలన్నీ ఖతమైతున్నయి. నీ దగ్గర సోడ ఉందట గద, జరంత ఇయ్యరాదు" అని అడిగింది.

దేవమ్మ మోదుగాకులో చిటికెడు పోసిచ్చింది. మర్నాడు సరోజన మూత పెట్టిన గిన్నెతో వచ్చింది. పప్పు వెన్నలా ఉడికింది. గడప మీద కూర్చుని, దేవమ్మ కాల్చిన జొన్నరొట్టె ఆమె చేత్తోనే తీసుకుని, పప్పులో అద్దుకుని తింది. దేవమ్మ ఆ పూట తినడం మరిచిపోయి ఆమెనే చూస్తూ కూర్చుంది.

ఆ తరువాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. పిల్లవాడికి తేనెటీగ కుట్టిందని ఒకామె. గంజి ఒలికి చెయ్యి కాలిందని మరొకామె. హోటలుకు పోసే పాలు పొద్దెక్కేసరికి విరుగుతున్నాయని ఇంకొకామె. పుల్లబడబోయే పాలలో చిటికెడు వేస్తే ఆ పులుపు చచ్చి పాలు ఇంకో పూట నిలిచేవి. కడుపుబ్బరమని ముసలివాళ్లు వచ్చేవారు. దేవమ్మ ప్రతివాళ్లకీ ఆకులో పోసి, ఎట్లా కలపాలో, ఎంత మించి తాగకూడదో చెప్పేది. వాళ్లు ఆమెను అక్కా అని, వదినా అని పిలిచేవాళ్లు. ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, సాయంత్రం కాగానే గడప దగ్గర కూర్చోవడం లాజరు గమనించాడు.

"ఇగ చాలు దేవమ్మా. అది మిల్లుది" అన్నాడొకసారి.

"లేదని చెప్పమంటవా? వాకిట్ల నిలబడ్డ మనిషికి?" అంది ఆమె.

మర్నాటి నుంచి అతను రుమాలు బదులు చిన్న సంచి తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం పత్తిలోంచి గింజలు తీసే యంత్రంలోకి మేకు ఒకటి పోయి రవ్వలు లేచాయి. పక్కనున్న పత్తి భగ్గుమంది. లాజరు ఇంజను గదిలోంచి పరుగున వచ్చి ద్వారం పక్కనున్న డబ్బా అందుకుని బోర్లించి నేలకేసి గుద్దాడు. తెల్లటి నీటిధార బుసకొట్టుకుంటూ లేచింది. అది అయిపోగానే దాని పక్కనున్న రెండోది అందుకున్నాడు. నిమిషం గడిచేసరికి నల్లని తడి కుప్ప తప్ప మంట లేదు. పత్తి ఏరే ఆడవాళ్లంతా గోడకు అంటుకుని చూస్తున్నారు.

సాయంత్రం సరోజన ఇంజను గది గుమ్మం దగ్గర ఆగింది.

"అన్నా, దాంట్ల ఏం పోస్తవు? గంత దూరం కొట్టింది."

"మీ పప్పుల ఏసుకునే సోడనే" అని లాజరు నవ్వి, బోర్లించడం, గుద్దడం, గొట్టాన్ని మంట మొదలుకు పట్టడం ఖాళీ డబ్బాతో చేసి చూపించాడు. ఆమె తన చేతుల్లోకి తీసుకుని రెండుసార్లు అట్లాగే చేసి చూసింది.

మున్షీ రామనర్సయ్య మిల్లు మొత్తం చూసుకునే మనిషి. రేపటికల్లా రెండు డబ్బాలూ నింపి తగిలించమని చెప్పి వెళ్లాడు. లాజరు తగరపు డబ్బా తెరిచాడు. అడుగున గరిటెతో గీకితే గుప్పెడు వచ్చింది. ఒక్కో ఎర్ర డబ్బాకు దాదాపు సేరు కావాలి.

అతను తగరపు డబ్బా మూసి మళ్లీ తాళం వేశాడు. మున్షీకి చెబితే పది సేర్లు ఎక్కడికి పోయాయని అడుగుతాడు. ఆ రాత్రికి వట్టి నీళ్లు పోసి డబ్బాలు తగిలించి, మర్నాడు ఇంజను బెల్టు పట్టాకు తోలు కావాలని చెప్పి సెలవు అడిగి కోదాడ బయలుదేరాడు.

కోదాడలో నాకాకు ఇవతల నాలుగు దుకాణాలు తిరిగాడు. ఆఖరి దుకాణాయన చెయ్యి అడ్డంగా తిప్పాడు.

"ఉప్పుకే దిక్కు లేదయ్యా, సోడా ఎక్కణ్ణుంచి తెచ్చేది? లారీలన్నీ హద్దు దగ్గర గరికపాడు అవతలే ఆగిపోయాయి. వచ్చే నెలకి కూడా నమ్మకం లేదు. ఎవరికైనా బాగాలేదా?"

"లేదు" అన్నాడు లాజరు.

తిరుగు ప్రయాణంలో అతనికి ఈదయ్య బండి దొరికింది. ఈదయ్య మేళ్లచెరువు మనిషి. అక్కడి సున్నపురాయిని బండికెత్తుకుని పేటలో బట్టీకి తోలుతున్నాడు. లాజరు రాళ్ల మధ్య గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. ఎండ నెత్తికెక్కింది. దాహానికి ఉంచుకున్న నిమ్మకాయను కొరికి పిండుకుంటుంటే రెండు చుక్కలు బండి అడుగున పేరుకున్న రాతిపొడి మీద పడ్డాయి. పొడి చిన్నగా చిటచిటలాడుతూ నురగెత్తింది.

లాజరు వంగి చూశాడు. మళ్లీ పిండాడు. మళ్లీ నురగ. బడిలో మాస్టరు ఒకప్పుడు చెప్పింది గుర్తొచ్చింది. సున్నపురాయిలో కూడా అదే బొగ్గుపులుసు గాలి బందీగా ఉంటుంది, పులుపు తగిలితే బయటికొస్తుంది. అతను చిటికెడు పొడి అరచేతిలో పోసుకుని కాయ మొత్తం పిండాడు. అది బుసబుసా పొంగి, కొంతసేపటికి దాదాపు అంతా కరిగిపోయింది.

"ఏం జేస్తున్నవయ్యా?" అని ఈదయ్య వెనక్కి తిరిగాడు.

"ఏం లేదు. జర ఈ పొడి రెండు సేర్లు తీసుకోనా?"

"ఎట్లయిన ఊడ్సి పారబోసేదే గద. తీస్కో."

పేట చేరేదాకా లాజరు ఆ మూటను ఒళ్లోనే పెట్టుకున్నాడు. గుండె మీది బరువు సగం దిగినట్టయింది.

నింపేటప్పుడు అతను అజాగ్రత్తగా ఏమీ చేయలేదు. పొడి మరీ మెత్తగా ఉంటే బురదై గొట్టం పూడిపోతుందని, జల్లెడ పట్టి నూకలాంటి పలుకులను మాత్రమే తీసుకున్నాడు. రెండు డబ్బాల్లో పోసి, పైన కొత్త సీసాలు బిగించాడు. ఒక సీసా పగలగొట్టి పరీక్షిస్తే బాగుండుననిపించింది. కాని సీసాలు మున్షీ లెక్కలో ఉన్నాయి. గడ్డి పరిచిన పెట్టెలో ఎన్ని మిగిలాయో ఆయన నెలనెలా చూస్తాడు. నిమ్మపులుసుకే అంత పొంగిన రాయి గంధకామ్లానికి ఇంకెంత పొంగుతుందోనని లాజరు తనకు తాను చెప్పుకున్నాడు. వద్దనుకున్న ఆలోచనను అట్లా పక్కకు నెట్టాడు.

అప్పటికి ఇంట్లో సోడా ఇవ్వడం ఆగిపోయింది. వచ్చినవాళ్లకు దేవమ్మ కింద చూపుతో లేదని చెప్పేది. మిగిలిన గుప్పెడూ ఆమె నొప్పికి దాచారు. సరోజన మాత్రం ఉత్త చేతులతోనైనా వచ్చి గడప మీద కూర్చునేది. ఒక సాయంత్రం ఆమె లాజరును సూటిగా అడిగింది.

"అన్నా, మేమంత వాడిన సోడ డబ్బాలల్లదే గద. మరి గవి ఖాళీ ఉన్నయా?"

"ఖాళీ ఎందుకుంటయి? సున్నపురాయి పొడి పోసిన. అదీ పొంగుతది."

"నిజంగ పనిజేస్తదా?"

"చేస్తది చెల్లె. పరేషాన్ గాకు."

సరోజన తలూపింది. దేవమ్మ వైపు తిరిగి, బీరయ్య కొత్తగా పుట్టిన గొర్రెపిల్లకు పాలు పట్టడానికి ఎన్ని తిప్పలు పడుతున్నాడో చెబుతూ నవ్వించింది.

ఉగాది పోయిన వారానికి మిల్లు కాలింది.

అది మధ్యాహ్నం, సద్దులు తిన్న వేళ. రవ్వ ఎక్కడ పుట్టిందో ఎవరూ చూడలేదు. పత్తి కుప్ప పైకప్పు దాకా ఎత్తుగా పోసి ఉంది. మంట దాని మీద ఎగబాకలేదు, పరుగెత్తింది. ఆడవాళ్లు కేకలు పెడుతూ బయటికి ఉరికారు. లాజరు ముందుగా ఇంజను ఆపాలి. పట్టాలు తిరుగుతున్నంతసేపు గాలి లేచి మంటను ఎగదోస్తూనే ఉంటుంది. అతను చక్రం ఆపి, నూనె గొట్టం బిగించి, బయటికొచ్చేసరికి ద్వారంలోంచి నల్లటి పొగ ముద్దలు ముద్దలుగా వస్తోంది. ఆడవాళ్లు పేర్లు పెట్టి ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. సరోజన పేరుకు బదులు రాలేదు. ముసలి ముత్తమ్మ పేరుకూ రాలేదు.

లాజరు తడి గోనెసంచి కప్పుకుని లోపలికి దూరాడు. నాలుగు అడుగులు వేసేసరికి కళ్లు కనపడలేదు. ఎవరో వెనక నుంచి కాళ్లు పట్టి బయటికి లాగారు.

ముత్తమ్మ బతికింది. అన్నం తిని పత్తి కుప్ప వెనక కునుకు తీసిన ఆమె, గింజలు బయటికి తోసే కంతలోంచి పాకుతూ మిల్లు వెనక పడింది. సరోజనను సాయంత్రం తెచ్చారు. ఆమె మీద గోనెపట్టాలు కప్పి తెచ్చారు. బీరయ్య గొర్రెలను ఎవరికీ అప్పగించకుండా అట్లాగే వదిలేసి వచ్చాడు. అవి ఆయన వెనకనే మిల్లు వాకిట్లోకి వచ్చి, కాలిన పత్తి మధ్య నిలబడ్డాయి.

మర్నాడు ముత్తమ్మ దేవమ్మ ఇంట్లో కూర్చుని జరిగింది చెప్పింది. ఆమె గొంతు పొగకు బొంగురుపోయింది.

"నన్ను పేరు పెట్టి పిలుసుకుంట లోపలికొచ్చింది. నేనున్న దిక్కు దోవ జేద్దామని దర్వాజ పక్కనున్న ఎర్ర డబ్బ పట్టింది. బోర్లించి గుద్దింది. నీళ్లు ఒక్కపారి లేసినయి. నా దాంక రానే లేదు, ఆగినయి. దాని పక్కదే ఇంగో డబ్బ తెచ్చి గుద్దింది. అదీ అంతే. దాన్ని ఊపుకుంట, గొట్టం నా దిక్కు పట్టుకోని నిలబడ్డది. నేను ఉరుకు బిడ్డా అని మొత్తుకున్న. మళ్ల వస్తయనుకున్నదో ఏమో, నిలబడ్డది. మీదికెల్లి కుప్ప జారింది."

లాజరు లేచి బయటికి వెళ్లాడు.

నాలుగో నాడు బూడిద చల్లారాక అతను ఆ రెండు డబ్బాలు వెతికి తీశాడు. ఎర్ర రంగు పొక్కులు లేచి ఊడిపోయింది. ఇంజను గది వెనక్కి తీసుకెళ్లి ఒకదాని మూత విప్పాడు. అడుగున నీళ్లు ఇంకా ఉన్నాయి. వేలు ముంచితే చురుక్కుమంది. ఆమ్లం ఖర్చు కాలేదు. రాతిపలుకులూ ఖర్చు కాలేదు. అవి తెల్లగా, సున్నం వేసిన గోడలా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. లాజరు ఒక పలుకును కడిగి, నిమ్మకాయ పిండాడు. ఏమీ కాలేదు. దాన్ని రాయితో చితక్కొట్టాడు. లోపల బూడిదరంగు రాయి ఉన్నదున్నట్టే ఉంది. దాని మీద పిండితే నురగ లేచింది.

అప్పుడు అతనికి తెలిసింది. నిమ్మపులుసు రాయిని కరిగించుకుంటూ పోతుంది. గంధకామ్లం మాత్రం రాయి మీద తెల్లని పూత పూసి, ఆ పూతతో తన దారి తనే మూసేసుకుంటుంది. మొదటి క్షణంలో పొంగుతుంది, తరువాత ఆగిపోతుంది. సోడా అయితే నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి పూత పట్టడానికి దానికి ఒళ్లే లేదు. ఒక్క సీసా పగలగొట్టి, ఒక్క నిమిషం ఓపిక పట్టి చూస్తే తెలిసేది.

అతను ఆ చితికిన పలుకులను అరచేతిలో పెట్టుకుని మున్షీ గదికి వెళ్లి మొత్తం చెప్పాడు. తను సోడా తీసుకుపోవడం, పంచడం, రాతిపొడి పోయడం, ఏదీ దాచలేదు. రామనర్సయ్య మధ్యలో లేచి తలుపు వేశాడు.

"ఎవరితోనన్న అన్నవా ఈ మాట?"

"లేదు సారూ."

"అనకు. డబ్బాలల్ల సోడ లేదని తెలిస్తే మిల్లు మీద కేసైతది. ఆ పిల్లకు డబ్బా కొట్టరాలేదని నేను సర్కారుకు రాసి పంపిన. అట్లనే ఉండనియ్యి."

"ఆమెకు వచ్చు సారూ. నేనే నేర్పిన."

"నువ్వు ఇంటికి పో లాజరూ."

ఇంట్లో దేవమ్మకు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని వేళ్లు మడుస్తూ, ఎవరెవరికి ఎన్నిసార్లు ఇచ్చిందో పేర్లు చెప్పుకుంటూ పోయింది. తేనెటీగ కుట్టిన పిల్లవాడి తల్లి, పాలామె, చెయ్యి కాలినామె. చివరికి సరోజన పేరు దగ్గర ఆగింది. ఆ రాత్రి ఆమెకు మంట లేచింది. లాజరు దాచిన పొట్లం విప్పి నీళ్లు కలపబోతే ఆమె గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది. తెల్లవారేదాకా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

తొమ్మిదో నాడు లాజరు ఊరి బయటి గుడిసెకు వెళ్లాడు. బీరయ్య చెట్టు నీడలో గొర్రెపిల్లను ఒడిలో పెట్టుకుని దాని గిట్టలో దిగిన ముల్లు తీస్తున్నాడు. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డాడు. లాజరు నిలబడే చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి ముల్లు బయటికి వచ్చింది. బీరయ్య దాన్ని దూరంగా పారేశాడు.

"రాతిపొడి పోసినవని ఆమెకు ఎరుకేనా?"

"ఎరుకే. అడిగింది. పనిజేస్తదని చెప్పిన."

"పనిజేస్తదని నువ్వు నమ్మినవా?"

"నమ్మిన బీరయ్యా."

"నమ్మినవు. సూసినవా?"

లాజరు "లేదు" అన్నాడు.

బీరయ్య గొర్రెపిల్లను కింద వదిలాడు. అది కుంటుకుంటూ తల్లి వైపు పోయింది. 

"నేను నిన్నేం జేస్తనని వచ్చినవు మిస్త్రీ? నరుకుతననా? నాకు గంత ఓపిక లేదు. ఒక్కటి జెయ్యి. దానికి డబ్బ కొట్టరాక సచ్చిందని మిల్లుకాడ అంటున్నరు. అది అబద్దం. దానికి ఏదన్న ఒక్కపారి సూపిస్తే వస్తది. గది పోయి చెప్పు. నాకు కాదు, అందరికి చెప్పు."

"చెప్త."

"ఇగ పో."

మర్నాడు కాలిన పత్తిలోంచి పనికొచ్చేది ఏరడానికి కూలీలంతా వచ్చారు. లాజరు వాళ్ల మధ్యకు ఆ రెండు డబ్బాలు తెచ్చి నేల మీద పెట్టాడు. సరోజన సరిగ్గానే కొట్టిందని, డబ్బాలు నింపింది తనేనని, అందులో ఉండాల్సిన సోడా తన ఇంటి గడప మీద నుంచి పంచిపెట్టానని చెప్పాడు.  ఆడవాళ్లలో కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్లు ఆకు పట్టి తీసుకున్నదేమిటో వాళ్లకు అప్పుడు అర్థమైంది. పాలామె బూడిదలోనే కూలబడింది.  రామనర్సయ్య వచ్చి అతని మొలతాడు నుంచి తాళంచెవి కోసి తీసుకుని, గేటు దాకా నెట్టించి పంపాడు.

ఆ తరువాత వాళ్ల గడప మీదికి ఎవరూ రాలేదు. కోపంతో కాదు. దేవమ్మ ఎదురుపడితే ఆడవాళ్లు దారి మార్చుకునేవారు. ఆమెను చూస్తే వాళ్లకు తమ పప్పుగిన్నెలు గుర్తొచ్చేవేమో. బీరయ్య ఎండలు ముదరకముందే గొర్రెలు తోలుకుని పెన్‌పహాడ్ వెళ్లిపోయాడని తెలిసింది. అక్కడ భయం తగ్గలేదు. అయినా వెళ్లాడు.

భాద్రపదంలో యూనియన్ సైన్యం అదే బెజవాడ రోడ్డు మీద వచ్చింది. నాకాలు లేచిపోయాయి. పది రోజుల్లో లారీలు వరసపెట్టాయి. సూర్యాపేటలో ప్రతి దుకాణంలోనూ తినేసోడా సంచులకు సంచులు దిగింది. దేవమ్మ మాత్రం దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. మంట లేచిన రోజున అట్లాగే కూర్చునేది. రానురాను మెడ ఎముకలు బయటపడ్డాయి.

పేటలో పని దొరక్క, నలభై తొమ్మిదిలో వాళ్లు మిర్యాలగూడకు వెళ్లారు. వడ్లు దంచే మిల్లులో లాజరుకు బస్తాలు మోసే పని దొరికింది. ఇంజను పని తెలుసునా అని అడిగితే తెలియదన్నాడు. ఊరి చివర ఒక గది కిరాయికి తీసుకున్నారు. చుట్టుపక్కల వాళ్లకు వీళ్లెవరో, ఎందుకు వచ్చారో తెలియదు. దవాఖానలో డాక్టరు దేవమ్మ పొట్ట నొక్కి చూసి, లోపల పుండు పడిందని, ముందే తీసుకురావలసిందని చెప్పాడు. సోడా నొప్పిని ఆపుతుందే కాని పుండును మాన్పదని, ఇన్నేళ్లూ అదే మోసం చేసిందని అన్నాడు. వేరే మందు రాసిచ్చాడు. కొంత నెమ్మదించింది.

ఒక సాయంత్రం లాజరు పని నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. పక్కింటికి కొత్తగా కాపురానికి వచ్చిన అలివేలు అనే పిల్ల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో ఏమీ లేదు. అరువడగడానికి వచ్చిందో, ఊరికే పలకరించడానికి వచ్చిందో తెలియలేదు.

"వదినే" అంది నవ్వుతూ.

దేవమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. వెనక్కి తిరిగి చూడలేదు.

"లేదమ్మా" అంది.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. లాజరు వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండానే వెళ్లిపోయింది. లాజరు చెంబు పక్కన పెట్టి, తడి కాళ్లతో గడప బయటే కూర్చున్నాడు.